వివరణకు అందని దేహబాధ – మనోరుగ్మతగా వర్గీకరణ: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైద్యపరీక్షల్లో కారణం దొరకని శారీరక బాధలను మనోరుగ్మతలుగా వర్గీకరించే పద్ధతిని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో సవరించింది. ఆ సవరణ పాత దోషాన్ని తొలగించిందా, లేక మరో చోటికి మార్చిందా అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దేహలక్షణ రుగ్మత, హిస్టీరియా, అనుపలబ్ధి, రోగనిర్ధారణ, వర్గీకరణ.

1. ఉపోద్ఘాతం:
రోగి నొప్పి ఉందంటాడు. రక్తపరీక్షలు, స్కానింగులు ఏమీ లేదంటాయి. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీకి ఏ పేరు పెట్టాలన్నది వైద్యశాస్త్రంలో పాత సమస్య. చాలాకాలం ఆ పేరు ‘హిస్టీరియా’. గర్భాశయం అనే అర్థం గల గ్రీకు పదం నుంచి వచ్చిన ఆ మాటలోనే, ఆ నిర్ధారణ ప్రధానంగా ఎవరిని ఉద్దేశించిందో తెలుస్తుంది. 1980లో వెలువడిన మనోరుగ్మతల సూచిక డి.ఎస్.ఎం.-3 దాని స్థానంలో ‘సోమటైజేషన్ డిజార్డర్’ వంటి పేర్లను తెచ్చింది. 1994 నాటి డి.ఎస్.ఎం.-4 ప్రకారం ఈ నిర్ధారణకు 30 ఏళ్లలోపు మొదలైన బాధల్లో 4 నొప్పులు, 2 జీర్ణకోశ లక్షణాలు, 1 లైంగిక లక్షణం, 1 నాడీసంబంధ లక్షణం ఉండాలి. వాటికి తగిన వైద్యకారణం కనబడకూడదు.

2. పాత వర్గీకరణలోని తార్కిక దోషం:
‘కారణం తెలియదు’ అన్నది వైద్యుని జ్ఞానస్థితిని తెలిపే వాక్యం. దాన్ని రోగి మనఃస్థితిని తెలిపే వాక్యంగా మార్చడమే ఇక్కడి దోషం. భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధిని ప్రమాణంగా అంగీకరించారు, కానీ ఒక షరతుతో: వస్తువు ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిగదిలో కనబడకపోతే అనలేం. అందుకే అది యోగ్యానుపలబ్ధి కావాలన్నారు. వైద్యపరీక్ష ఎంత వెలుతురున్న గది అన్నదే అసలు ప్రశ్న.

1965లో ఎలియట్ స్లేటర్, లండన్‌లోని నేషనల్ హాస్పిటల్‌లో హిస్టీరియాగా నిర్ధారితులైన 85 మంది తదనంతర స్థితిని ప్రకటించాడు. వారిలో చాలామందికి తరువాత నాడీవ్యాధులు, ఇతర దేహవ్యాధులు బయటపడ్డాయి. దీనికి ప్రతివాదం లేకపోలేదు. 2005లో జాన్ స్టోన్ బృందం చేసిన సమీక్షలో తప్పు నిర్ధారణలు 1950ల అధ్యయనాల్లో 29 శాతం కాగా, 1970ల నుంచి సుమారు 4 శాతమే. అయితే ఈ సమీక్ష పక్షవాతం, మూర్ఛ వంటి లక్షణాలకు సంబంధించినది. అక్కడ వైద్యునికి భావరూపమైన సాక్ష్యం దొరికే అవకాశముంది. ‘హూవర్ చిహ్నం’ ఇందుకు ఉదాహరణ: అడిగినప్పుడు బలహీనమైన కాలిని కిందికి నొక్కలేని రోగి, రెండో కాలిని పైకెత్తేటప్పుడు తెలియకుండానే ఆ కాలితో మంచాన్ని బలంగా నొక్కుతాడు. అలసట, నొప్పి, కళ్లుతిరగడం వంటి బాధలకు ఇలాంటి చిహ్నం లేదు.

3. 2013 సవరణ – ‘మితిమీరడం’ అనే కొలమానం:
డి.ఎస్.ఎం.-5 ‘వైద్యకారణం లేకపోవడం’ అనే షరతును తొలగించి ‘సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్’ను, అంటే దేహలక్షణ రుగ్మతను, ప్రవేశపెట్టింది. బాధపెట్టే ఒక్క శారీరక లక్షణం, దాని గురించి మితిమీరిన ఆలోచన లేదా ఆందోళన లేదా కాలవ్యయం, సాధారణంగా 6 నెలలకు మించిన వ్యవధి ఉంటే చాలు. రోగి బాధను అబద్ధమనకుండా ఉండాలన్న సంస్కర్తల ఉద్దేశం ప్రశంసనీయమే. కానీ ఆందోళన వ్యాధితీవ్రతకు మించినదని చెప్పాలంటే ఆ తీవ్రత ముందు తెలిసి ఉండాలి. కారణం తెలియని రోగి విషయంలో తెలియనిది సరిగ్గా అదే. ముందుద్వారం నుంచి పంపిన ‘వివరణలేమి’ దొడ్డిదారిన తిరిగి వచ్చిందన్నమాట.

డి.ఎస్.ఎం.-4 రూపకల్పనకు నాయకత్వం వహించిన ఆలెన్ ఫ్రాన్సిస్ 2013లోనే ఈ మార్పును తీవ్రంగా విమర్శించాడు. క్షేత్రపరీక్షల్లో క్యాన్సర్, గుండెజబ్బు రోగుల్లో 15 శాతం, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ లేదా ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిలో 26 శాతం, ఆరోగ్యవంతుల్లో 7 శాతం ఈ నిర్ధారణ కిందికి వచ్చారని చూపాడు.

4. పర్యవసానాలు:
1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్‌లో సుమారు 300 మంది సిబ్బంది అంతుచిక్కని అస్వస్థతకు గురయ్యారు. 1970లో ఇద్దరు మనోవైద్యులు నాటి రికార్డులను పరిశీలించి దాన్ని సామూహిక హిస్టీరియాగా వ్యాఖ్యానించారు. ఆ ఘటనతో ముడిపడిన దీర్ఘకాలిక అలసట వ్యాధిని దేహవ్యవస్థలన్నింటికీ చెందిన తీవ్రవ్యాధిగా అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ప్రకటించింది. ఒక పేరు పరిశోధనను ఎంతకాలం పక్కదారి పట్టించగలదో దీనివల్ల గ్రహించవచ్చు.

మన ప్రాంతానికి సంబంధించిన మరో కోణమూ ఉంది. 1996లో ఆర్. రఘురామ్, మిచెల్ వైస్ బృందం బెంగళూరు నిమ్హాన్స్ రోగులను అధ్యయనం చేసి, దిగులును చెప్పుకోవడం కళంకంతో ముడిపడి ఉండగా శారీరక బాధను చెప్పుకోవడం అలా లేదని తేల్చింది. ‘కడుపుకోత’, ‘గుండె బరువెక్కడం’, ‘నరాల బలహీనత’ అనే తెలుగువారికి దేహమే దుఃఖభాష. ఆ భాషను ‘మితిమీరిన ధ్యాస’గా లెక్కగడితే, కళంకానికి వెరచి రోగి ఎంచుకున్న దారినే రుగ్మతగా ముద్రవేసినట్లవుతుంది.

5. ముగింపు:
2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐ.సి.డి.-11 కూడా మితిమీరిన ధ్యాసనే ప్రమాణంగా తీసుకున్నది. కనుక ఈ చర్చ ఒక దేశపు గ్రంథానికి పరిమితం కాదు. దేహబాధలో మనసుకు పాత్ర లేదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. భావరూపమైన సాక్ష్యం ఉన్నచోట మనోరుగ్మత నిర్ధారణ న్యాయమే. అది లేనిచోట కేస్ షీటులో ‘కారణం ఇంకా తెలియదు’ అని రాయడమే శాస్త్రీయం. ఓదార్పుకూ కౌన్సెలింగుకూ రుగ్మత పేరు అవసరం లేదు. వెతుకులాట ఆపడానికి మాత్రం ఆ పేరు చాలు.