పుయు ఎక్కడికి వెళ్తుంది?

కొండ మీది పల్లె గురించి మన సాహిత్యంలో రెండు రకాల రాతలు ఎక్కువ. ఒకటి ప్రకృతి వర్ణన: మంచు, జలపాతం, వలిసె పూలు, కల్మషం తెలియని మనుషులు. రెండోది దోపిడీ చిత్రణ: షావుకారు, అటవీ అధికారి, పోలీసు, వాళ్ల మీద తిరుగుబాటు. మొదటిదాంట్లో గిరిజన స్త్రీ అలంకారం, రెండోదాంట్లో అన్యాయానికి రుజువు. ఆమె ఇంట్లో ఏం జరుగుతోంది, ఆమె పేరున ఏముంది, ఇల్లు వదలాల్సి వస్తే ఎవరి గుమ్మం తొక్కాలి అన్న ప్రశ్నలు రెండింటిలోనూ అరుదు. ఈ ప్రశ్నలు పెట్టుకుని గోపీనాథ్ మహంతి 'అమృత సంతానం' మళ్లీ చదవాల్సి ఉంది.

ఒరియా నవల గురించి తెలుగులో ఇంత చర్చ ఎందుకని అనిపించవచ్చు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్ కొండలు విశాఖపట్నం జిల్లాలోనివే. ఆ ప్రాంతంలో ప్రభుత్వోద్యోగిగా తిరిగిన మహంతి 1949లో ఈ నవల తెచ్చారు. 1955లో సాహిత్య అకాడెమీ అవార్డులు మొదలైనప్పుడు ఒరియాలో తొలి అవార్డు దీనికే వచ్చింది. తెలుగు చేసింది విశాఖ సాహిత్య జీవితంలో భాగమైన పురిపండా అప్పలస్వామి. నవలలోని కోందులే పాడేరు, అరకు, జి.మాడుగుల కొండల్లోనూ ఉన్నారు. అదే కువి భాష మాట్లాడతారు. రాష్ట్రాల సరిహద్దు వాళ్ల మధ్య తర్వాత గీసిన గీత.

మిణియాపాయు ఊరి పెద్ద సరబు సావొంతా మరణంతో నవల మొదలవుతుంది. అతని కోడలు పుయుకి కొడుకు పుడతాడు. తాతే తిరిగొచ్చాడని నమ్మకం. పెద్దరికం కొడుకు దివుడుకి వస్తుంది. పురిటి తర్వాత పుయు చిక్కిపోతుంది. దివుడు మనసు పియొటి మీదికి మళ్లుతుంది. చివరికి ఆమె ఆ ఇంటికి వస్తుంది. పుయు బిడ్డను ఎత్తుకుని బయటికి నడుస్తుంది.

దివుడు పరమ దుర్మార్గుడేమీ కాడు. ఆ ఊరి కట్టుబాటులో అతను చేసింది చెయ్యకూడని పనీ కాదు. మహంతి ఈ సంగతిని దాచకుండా రాయడం వల్లనే నవల ఇంకా బతికి ఉంది. మగవాడికి మనసు మారితే కొత్త మనిషి ఇంటికి వస్తుంది. ఆడదానికి మనసు విరిగితే తను ఇల్లు వదలాలి. ఇద్దరికీ స్వేచ్ఛ ఉన్నట్టే కనిపిస్తుంది. ఇల్లు మాత్రం ఒకరిదే.

గిరిజన స్త్రీ స్వేచ్ఛ గురించి మైదానంలో చదువుకున్న మనం చాలా మాట్లాడుకున్నాం. కట్నం లేదు, ఓలి మగవాడే ఇస్తాడు, నచ్చినవాడిని ఎంచుకోవచ్చు, నచ్చకపోతే పెద్దల ముందు తప్పు కట్టి విడిపోవచ్చు. ఇవన్నీ అబద్ధాలు కావు. వరకట్న చావుల మధ్య నిలబడి చూసేవాళ్లకి అవి గొప్పగా కనిపించడమూ సహజమే. అయితే మన ఇళ్లలోని ఊపిరాడనితనాన్ని కొలవడానికి ఆమెను కొలబద్దగా వాడుకున్నాం. ఓలి ఇచ్చి తెచ్చుకునేది ఆమె రెండు చేతుల పనినని అంతగా పట్టించుకోలేదు. చోళ్లు విత్తడం, కలుపు, కోత, గెడ్డ నుంచి నీళ్లు, అడవి నుంచి కట్టెలు, అడ్డాకులు, సంతదాకా నెత్తిన మూట, వీపున బిడ్డ. అరకులో పర్యాటకుల కోసం ఆడే ధింసాలో ఆ చేతులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని అందంగా కనిపిస్తాయి. వాటి మిగతా రోజు మనకి కనిపించదు.

పుయు చిక్కిపోవడాన్ని నవల ఎక్కువగా దివుడు కళ్లతో చూస్తుంది. అది వాడిపోయిన అందం. దాన్నే పుయు ఒంటి వైపు నుంచి చూస్తే పురుడు, చాలీచాలని తిండి, తీరని చాకిరీ. రోడ్డు లేని ఊళ్ల నుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చారన్న వార్త ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక కూడా ఆ వార్త ఆగలేదు. రచయిత మనసు పుయు వైపే ఉంది, సందేహం లేదు. చూపు మాత్రం మగవాడి భుజం మీదుగా వెళ్తుంది.

నవల పేరులోనే ఉన్న తత్వాన్నీ అడగాలి. మనిషికి చావు లేదు, జీవితం మళ్లీ మళ్లీ మొలుస్తుంది అంటాడు రచయిత. తాత మనవడిగా తిరిగొస్తాడు సరే. ఆ రాకని తొమ్మిది నెలలు మోసిన మనిషికి అదే ఇంట్లో చోటు లేకపోయింది. ఈ అమృతత్వం మగ వరసకి చెందినది. అయితే ముగింపులో ఇంకో అర్థం కూడా ఉంది. ఊరి నమ్మకమే నిజమైతే పుయు చంకనెత్తుకుని పోతున్నది సరబు సావొంతానే. ఊరి పెద్దరికం ఆమెతో పాటే గడప దాటింది. రచయిత ఇది ఉద్దేశించారో లేదో గానీ, నవలలో పుయుకి దక్కిన బలం ఇదొక్కటే.

ఆమె ఎక్కడికి వెళ్తుంది? కొండ దిగితే దారి చివర ఉన్నది విశాఖపట్నం. బైలడిల్లా ఇనుప ఖనిజం ఓడరేవుకి చేరడానికి 1960లలో కొండల్ని తొలిచి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. 1955 నుంచి మాచ్‌ఖండ్ కరెంటు కొండల మీదుగా కిందికి వస్తోంది. ఖనిజానికీ, కరెంటుకీ వేసినంత శ్రద్ధగా మనిషికి దారి వెయ్యలేదు.

ఆ దారినే దిగి వచ్చిన స్త్రీలున్నారు. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో కూంబింగుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు 13 మంది నిందితులను నిర్దోషులని విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. 15 ఏళ్లకి పైగా వాళ్లు తమ మాట మీద నిలబడ్డారు. కొండ స్త్రీ అమాయకురాలు, నోరులేనిది అని రాసే ప్రతి వాక్యాన్నీ వాళ్లు కొట్టేశారు. వాళ్ల నోటిమాటను నిలబెట్టగల దర్యాప్తు మాత్రం జరగలేదు.

ఇక నేల సంగతి. హిందూ వారసత్వ చట్టం 1956 సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఆచారమే చట్టం. ఆచారం చాలాచోట్ల కొడుకు వైపే ఉంటుంది. 2022 డిసెంబరులో ఈ మినహాయింపు గురించి ఆలోచించమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. 2025 జులైలో ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకి వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు సమానత్వమే వర్తించాలని తీర్పు చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలంది. పుయుకి ఇది చాలా పెద్ద మాట. కానీ విడిపోతే ఆమె వాటా ఏమిటన్నది ఆ సెక్షన్ చెప్పదు. కాగితం మీద పేరున్నా, ఇల్లు వదిలే రోజు పుయు మళ్లీ దారి మీదే.

జాతాపు జీవితాన్ని లోపలి నుంచి రాస్తున్న మల్లిపురం జగదీశ్, కోయ రచయిత్రి పద్దం అనసూయ వంటివాళ్ల వల్ల తెలుగులో చూపు మారుతోంది. చదివే మనం కూడా మారాలి. ఇకపై కొండ మీది కథ ఏది చదివినా మంచునీ మనిషి మంచితనాన్నీ మెచ్చుకునే ముందు, ఆ పోడు ఎవరి పేరున ఉందో, పొయ్యిలోకి కట్టె ఎవరు తెచ్చారో, ఇల్లు విడిచినామె రాత్రికి ఎక్కడ పడుకుందో వెతుకుదాం. కథలో జవాబు దొరక్కపోతే అది ఆ కథలోని లోటుగానే లెక్కపెడదాం, అది ఎంత గొప్ప నవలైనా సరే.