కడ్డీయా, తాడా, వెదురా?
పృష్ఠవంశం పాఠంపై ఒక విమర్శ

కార్డేటా లక్షణాలు చెప్పమంటే మీరు తడుముకోకుండా చెప్పేస్తారు: పృష్ఠవంశం, దాని పైన బోలుగా ఉండే నాడీదండం, గ్రసని చీలికలు, పాయువు వెనుక తోక. మరి పృష్ఠవంశం అంటే ఏమిటని అడిగితే? "పిండంలో వీపు వైపు ఉండే కడ్డీ లాంటి నిర్మాణం. తర్వాత వెన్నెముకగా మారుతుంది." చాలామంది రాసే జవాబు ఇదే. దీనికి మార్కులు కూడా పడుతుంటాయి. కానీ ఇందులో మొదటి వాక్యం సగమే నిజం. రెండోది పొరపాటు. ఈ పొరపాటు ఎక్కడ పుడుతున్నదో చూద్దాం.

పేర్లలోనే చిక్కు

భిలాయి ఉక్కు పట్టణంలో పెరిగే తెలుగు విద్యార్థి సంగతే తీసుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ లేదా ఇంగ్లీషు. ఈ ఒక్క నిర్మాణం అతనికి మూడు పేర్లతో ఎదురవుతుంది. ఇంగ్లీషు పుస్తకంలో నోటోకార్డ్. గ్రీకులో 'నోటోన్' అంటే వీపు, 'కోర్డే' అంటే తంత్రి. హిందీ పుస్తకంలో పృష్ఠరజ్జు, అంటే వీపు తాడు. తెలుగు పుస్తకంలో పృష్ఠవంశం. సంస్కృతంలో 'వంశం' అంటే వెదురు. అంతేకాదు, సంస్కృతంలో పృష్ఠవంశం అంటే వెన్నెముకే! అంటే ఏది కాదని మనం నేర్చుకోవాలో, అదే మన పేరులో దాగి ఉంది. ఇవి చాలవన్నట్లు నాడీ సంబంధమైన వెన్నుపాము వేరే ఉంది. ఈ మూడింటినీ కలిపేసే విద్యార్థిని తప్పు పట్టలేం.

కడ్డీ కాని కడ్డీ

ఇక 'కడ్డీ' అన్న మాట. భిలాయిలో కడ్డీ అనగానే ఉక్కు గుర్తుకొస్తుంది. సోవియట్ సహకారంతో కట్టిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. అక్కడ తయారయ్యే రైలు పట్టాకు బలం దాని లోహంలోనే ఉంది. పృష్ఠవంశం అలా కాదు. సకశేరుకాల పిండంలో దాని కణాలు మెత్తనివి, ద్రవం నిండిన పెద్ద రిక్తికలు గలవి. వాటి చుట్టూ గట్టి నారల తొడుగు ఉంటుంది. కణాలు ఉబ్బాలని చూస్తాయి, తొడుగు ఉబ్బనివ్వదు. ఆ ఒత్తిడి వల్లనే పృష్ఠవంశం బిగుసుకొని నిటారుగా నిలుస్తుంది. గాలి కొట్టిన సైకిల్ ట్యూబును, నీళ్లు నిండిన ఫైరింజను గొట్టాన్ని తలచుకోండి. కప్ప పిండాల మీద ఆడమ్స్, కెల్లర్, కోయెల్ 1990లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతినే వివరించింది. కడ్డీ అన్న పోలిక ఆకారాన్ని చెబుతుంది గాని పనితీరును చెప్పదు.

మారదు, మార్పిస్తుంది

వెన్నెముక సంగతి చూడండి. పృష్ఠవంశానికి ఇరుపక్కలా సోమైట్లు అనే కణ సముదాయాలు వరుసగా ఏర్పడతాయి. వాటి నుంచి వచ్చిన కణాలు పృష్ఠవంశం చుట్టూ చేరి వెన్నుపూసలను నిర్మిస్తాయి. అంటే ఎముక పుట్టేది సోమైట్ల నుంచి, పృష్ఠవంశం నుంచి కాదు. స్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగు పెడతారు. స్లాబు గట్టిపడ్డాక తీసేస్తారు. సెంట్రింగు స్లాబుగా మారిందని ఎవరైనా అంటారా?

నిజానికి ఈ పోలిక కూడా చాలదు. సెంట్రింగు మాట్లాడదు. పృష్ఠవంశం మేస్త్రిలా ఆజ్ఞలిస్తుంది. 1991లో యమాడా, జెస్సెల్ బృందం కోడి పిండంలో నాడీనాళం పక్కన అదనంగా మరో పృష్ఠవంశాన్ని అమర్చి చూసింది. మామూలుగా నాడీనాళం అడుగున మాత్రమే ఏర్పడే కణాలు, వాటితోపాటు కండరాలను కదిలించే నాడీకణాలు ఆ కొత్త చోట కూడా ఏర్పడ్డాయి! ఈ సంకేతాన్ని మోసే ప్రోటీన్ పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. అవును, వీడియో గేములోని ఆ సోనిక్ పేరే! ఎముక కట్టమని సోమైట్ కణాలకు అందే సంకేతం కూడా ఇదే. క్లోమం విషయంలో తీరు వేరు. అక్కడ పేగు పొరలో ఇదే ప్రోటీన్ తయారు కాకుండా పృష్ఠవంశం అడ్డుకుంటుంది. అప్పుడే క్లోమం ఏర్పడుతుందని 1998లో తేలింది.

దీని వల్ల నష్టమేమిటి?

'ఒక్క క్రియాపదం కోసం ఇంత రాద్ధాంతమా?' అని మీరు అడగవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకానికి న్యాయం చేయాలంటే, పృష్ఠవంశం వెన్నెముకగా మారుతుందని అది అనలేదు. దాని స్థానంలో వెన్నెముక వస్తుందనే అన్నది. మాట సరైనదే. కానీ అది ఎలా జరుగుతుందో చెప్పకుండా అక్కడే ఆగిపోయింది. ఆ ఖాళీని గైడు, ట్యూషన్, కంఠస్థం కలిసి 'మారుతుంది'తో నింపేశాయి.

దాంతో రెండు గొప్ప విషయాలు మీ కంటికి కనిపించకుండా పోతున్నాయి. మొదటిది, ఓడల అడుగుకు అతుక్కొని బతికే అసిడియన్ల కథ. సంచిలాంటి ఆ జీవులను ఒకప్పుడు నత్తల బంధువులనుకున్నారు. వాటి డింభకం తోకలో పృష్ఠవంశం ఉందని రష్యన్ శాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ 1866లో చూపించి, వాటిని మన బంధువులను చేశాడు. సియోనా అనే అసిడియన్‌లో ఆ పృష్ఠవంశానికి ఉన్నవి సరిగ్గా 40 కణాలు! డింభకం పెద్దదవుతూనే తోకతో పాటు అదీ పోతుంది, వెన్నెముక మాత్రం ఎన్నడూ రాదు. 'మారుతుంది' అనే విద్యార్థికి ఈ జీవి ఎలా అర్థమవుతుంది?

రెండోది మన వీపులోనే ఉంది. బరువులెత్తే పెద్దవాళ్ల నోట 'డిస్కు జారింది' అన్న మాట మీరు వినే ఉంటారు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు నడుమ జెల్లీ లాంటి మెత్తని గుజ్జు ఉంటుంది. అది బయటికి తోసుకొచ్చి నరాన్ని నొక్కితే నొప్పి. ఆ గుజ్జు కణాలు పృష్ఠవంశం నుంచే వస్తాయని 2008లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. చూడండి, పృష్ఠవంశపు వారసత్వం ఎముకలో కాదు, ఎముకల మధ్య మెత్తదనంలో ఉంది. రేపు వైద్యం చదవాలనుకునే మీకు ఇది చిన్న తేడా కాదు.

కాబట్టి ఈసారి జవాబు ఇలా రాసి చూడండి: "పృష్ఠవంశం పిండానికి ఊతమిస్తుంది. చుట్టూ ఉన్న కణాలకు దారి చూపుతుంది. వెన్నుపూసలు సోమైట్ల నుంచి దాని చుట్టూ ఏర్పడతాయి. దాని శేషం డిస్కులో నిలుస్తుంది." నాలుగే వాక్యాలు. దిద్దేవారు ఎందుకిలా రాశావని అడిగితే భయపడకండి. వివరించి చెప్పండి.