సోరియాసిస్ - రక్తనాళ సిద్ధాంతం: ఒక విమర్శ

ఒంటిమీద ఎర్రని మచ్చలు లేచి, వాటిపై తెల్లని పొలుసులు రాలుతుంటే కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో "రక్తం ఖరాబయింది" అంటారు. కొందరు అంటువ్యాధి అనుకొని రోగిని దూరంగా కూర్చోబెడతారు. ఈ సోరియాసిస్ అంటువ్యాధి కాదు. రక్తం చెడిపోవడం వల్ల వచ్చేదీ కాదు. అయితే రక్తనాళాలకు దీనితో సంబంధం లేకపోలేదు. అది ఎంతవరకు అన్నదే ప్రశ్న.

చర్మం పైపొరలో రక్తనాళాలుండవు. కిందిపొరలోని కేశనాళికలే దానికి ఆహారం అందిస్తాయి. పైపొర కణాలు పుట్టి, పైకి జరిగి, రాలిపోవడానికి సుమారు ఒక మాసం పడుతుంది. సోరియాసిస్‌లో ఈ పని కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. మచ్చ అడుగున కేశనాళికలు ఉబ్బి, మెలికలు తిరిగి, పెరుగుతాయి. పొలుసు గీకితే సూదిమొనలంత రక్తబిందువులు కనబడేది అందుకే.

కణితి పెరగడానికి కొత్త రక్తనాళాలు కావాలని అమెరికన్ శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించినాడు. మరుసటి ఏడే ఆ భావాన్ని సోరియాసిస్‌కు అన్వయించినాడు. రక్తనాళాలను పెంచే 'వి.ఇ.జి.ఎఫ్.' అనే ప్రోటీన్‌ను రోగి చర్మకణాలే అధికంగా తయారుచేస్తాయని తరువాత తేలింది. చర్మంలో ఆ ప్రోటీన్ ఎక్కువయేటట్లు చేసిన ఎలుకల్లో సోరియాసిస్‌ను పోలిన వ్యాధి కలిగినట్లు 2003లో ప్రకటించినారు. సిద్ధాంతానికి ఇది గట్టి బలం.

కాని ఇంతటితో రక్తనాళాలే మూలకారణమనడం తొందరపాటు. ఎలుక చర్మం మనిషి చర్మం కాదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన అమినోప్టెరిన్ ఈ వ్యాధిని తగ్గిస్తుందని 1951లో వెల్లడయింది. దాని జాతిదే అయిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. వీటి ప్రధాన లక్ష్యం రక్తనాళాలు కావు. ఇటీవలి మేలైన మందులు ఇంటర్‌ల్యూకిన్-17, 23 వంటి రక్షణవ్యవస్థ సంకేతాలను అడ్డుకుంటాయి. వ్యాధి తగ్గినకొద్దీ నాళాలూ సన్నబడతాయి. రక్తనాళాలనే లక్ష్యంగా పెట్టుకొన్న మందు ఏదీ సోరియాసిస్‌కు ప్రామాణిక చికిత్స కాలేదు.

పోచంపాడు కాలువ నీరు అందితే పైరు ఏపుగా పెరుగుతుంది. అంతమాత్రాన విత్తనం వేసింది కాలువ కాదు. ఫోక్‌మన్ భావాన్ని తోసివేయనక్కరలేదు. దాని హద్దు తెలిస్తే చాలు.

ఉపాధ్యాయులు చర్మం పాఠం చెప్పేటప్పుడు ఈ ప్రశ్న విద్యార్థుల ముందుంచాలి: రెండు విషయాలు కలిసి కనబడితే ఒకటి రెండవదానికి కారణమేనా? తరగతిలో ఆ మచ్చలున్న పిల్లవాడు ఉంటే, అందరితోపాటు అదే బల్లమీద కూర్చోనివ్వాలి.