కందకుర్తి దాకా

బాసరలో గోదావరిని గోదావరి అనేది యాత్రికులు. మాకు గంగ. ‘గంగకు పోయొస్త’ అంటే స్నానానికో, బట్టలుతకడానికో, చేపలకో అని అర్థం. ఊరికే పడవెక్కి తిరిగి రావడానికి ఆ మాట ఎవరూ వాడరు. ఏటా దసరా వెళ్లాక నేను చేసే పని అదే. ఒక బెస్త కాకా నాటుపడవలో, ఎగువకు, కందకుర్తి దాకా.

దసరా వెళ్లాకే ఎందుకంటే, వానకాలమంతా గాలి పడమటిది, గంగ వచ్చేదీ పడమటి నుంచే. ఆ రెంటికీ ఎదురుపోయే సత్తా మాకు లేదు. నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాటి అక్షరాభ్యాసాల రద్దీ సద్దుమణిగాక గాలి మెల్లగా తూర్పుకు మళ్లుతుంది. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలి. అవి దిగాక పైనుంచి ఉరవడి తగ్గుతుంది. దిగువన పోచంపాడు ప్రాజెక్టు 1091 అడుగులకు నిండిన ఏడైతే, మా ఘాటు ముందు గంగ చెరువులా నిలబడుతుంది.

మా పడవలకు తెరచాప ఉండదు. తెడ్డు, గెడ, అంతే. కాకా మాత్రం వెదురుబొంగుకు పాత దుప్పటి కట్టి, దాని కింది తాడును కాలి బొటనవేలికి చుట్టుకుంటాడు. గాలి పెరిగితే వేలు వదులు చేస్తాడు. మొదటిసారి ఎంతసేపు పడుతుందని అడిగితే, “గాలొస్తె గాలి మీద పోదం, రాకుంటె చేతుల మీద పోదం” అన్నాడు. అయినా గడియారం చూస్తూనే కూర్చున్నాను.

గాలి వదిలేసిన చోట ఆగుతాం. ఒకసారి రైలు వంతెన దాపులోనే ఆగిపోయాం. పైన బండి పోతుంటే కిటికీల్లోంచి రూపాయి బిళ్లలు రాలాయి, ఒకటి పడవలోనే పడింది. కాకా దాన్ని కళ్లకద్దుకుని మళ్లీ గంగలో వేశాడు. ఇంకోసారి సగం మునిగిన తుమ్మచెట్టుకు పడవ కట్టి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నాం. ఆ చెట్టు కిందటి మేలో నేలమీద ఉంది, దాని నీడన మేకలు పడుకునేవట.

అసలు చాప ఎలా ఉంటుందో చూడాలని ఒకసారి పులికాట్ పోయాను. మాసికల మీద మాసికలు. అక్కడి బకింగ్‌హామ్ కాలువ 1806లో మద్రాసు దగ్గర మొదలైంది. 1876–78 కరువులో కూలీల చేత తవ్వించి పొడిగించారు. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సముద్రం పక్కనే 400 కిలోమీటర్ల పైచిలుకు. ఉప్పు, సర్వి కట్టెలు, వడ్లు దాని మీదే పోయేవి. గాలి ఉంటే చాప ఎత్తేవాళ్లు, లేకుంటే గట్టు మీద నడుస్తూ మనుషులే తాడేసి లాగేవాళ్లు. లాకులు తెరిచేదాకా ఎదురుచూడక తప్పేది కాదు. తాడు లాగిన భుజానికి ఆ లాకు ఎంత సుఖమో, ఒడ్డున నిలబడి చూసేవాడికి తెలియదు. తుపానులు దాన్ని చెడగొట్టాయి, లారీలు దాని పని లాక్కున్నాయి.

తమాషా ఏమిటంటే, 2008లో ఆ కాలువతో కలిపి ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గాన్ని 2016 చట్టం గోదావరి మీద భద్రాచలం నుంచి నాసిక్ దాకా పొడిగించింది. అంటే కాగితం మీద మా ఘాటూ పులికాట్ చాపలూ ఒకే దారిలో ఉన్నాయి. తెల్లదొరలు కూడా దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టలూ లాకులూ కట్టి పైకి పడవలు నడపాలని చూసి, 1871లో చేతులెత్తేశారు. ఇదంతా కాకాకు చెప్పాను.

“మరి పోచంపాడు కట్ట ఎట్ల దాటాలె సారూ?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అంతలో దుప్పటి ఉబ్బింది.

కందకుర్తిలో మంజీర, హరిద్ర వచ్చి గంగలో కలుస్తాయి. నదిలోనే పాత రాతి శివాలయం ఉంది. మొన్న పోయినప్పుడు నీళ్లు ఎక్కువగా ఉండి దాని పైభాగమే కనిపించింది. పడవను దగ్గరికి పోనిచ్చి కాకా తెడ్డు ఆపాడు. రాయి మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. అది లేచేదాకా ఇద్దరం కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో ఆ తూర్పు గాలే ముఖాన కొట్టింది. కాకా బొంగు దించి, తాడు విప్పి, దుప్పటి నా ఒళ్లో పడేశాడు.

“ఇగ దీనితోని పనిలేదు. సలి పెడ్తది, కప్పుకో సారూ.”

అది చేపల వాసన వేస్తోంది. కప్పుకున్నాను.