వాకిట్లో దించిన ఇంజన్

ఈ వారం కోరుట్ల పోతే మా మేనల్లుడి వాకిట్లో వేపచెట్టు కింద మారుతి 800 ఇంజన్ దించి ఉంది. పాత దుప్పటి మీద బోల్టులు వరుసగా పేర్చి, ప్రతి వరుస పక్కన చీటీ పెట్టాడు. మా బావ గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కొత్తలో కొన్న కారు అది. ఈ ఎండాకాలం ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి, ఆయిల్ తెల్లబారింది. చూసినవాళ్లంతా తుక్కుకు అమ్మెయ్యమన్నారట. "ఇప్పి చూసినంక గదా మామా, అమ్ముడో ఉంచుడో" అన్నాడు వాడు. ఆ మాటకు నా కడుపు నిండింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. కుట్టుమిషన్ గురించి రాసినా, బావి మోటారు గురించి రాసినా చివరికి అక్కడికే వస్తాను: విప్పి చూడని వస్తువును పారేసే హక్కు మనకు లేదు. పదిహేనేళ్లు దాటితే కారు పని అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటున్నారు. కానీ మన దగ్గర సొంత కారు ఫిట్‌నెస్ చూపిస్తే రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగిస్తారు. బండి ఆయుష్షు తేల్చాల్సింది దాని ఇంజన్, బాడీ ఉన్న స్థితిని బట్టి.

మారుతి 800 ఇంట్లో విప్పడానికి వీలైన బండి కూడా. 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరి దాకా తయారైంది కాబట్టి సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. మూడు సిలిండర్లు, 796 సీసీ. కార్బురేటర్ ఉన్న పాత మోడల్‌లో ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఉండదు. పానాలు, ఫీలర్ గేజ్, టార్క్ రెంచి, ఒక చైన్ బ్లాక్, వీటన్నిటికంటే ముందు ఓపిక ఉంటే చాలు. మా మేనల్లుడు హెడ్ విప్పి చూస్తే గాస్కెట్ నీళ్ల దారికి, ఆయిల్ దారికి మధ్య తెగి ఉంది. ఆ సందులోంచే నీళ్లు ఆయిల్‌లోకి దిగాయి.

టైమింగ్ బెల్టు గుర్తులు కలుపుతూ వాడు, క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టే ఎందుకు తిరుగుతుందని అడిగాడు. నాకు సిరిసిల్ల గుర్తొచ్చింది.

చిన్నప్పుడు సెలవులకు సిరిసిల్లలో చిన్నమ్మ ఇంటికి పోయేవాళ్లం. ముందు గదిలో మరమగ్గాలు, వెనక వంటిల్లు. నాలుగు మాటలు మాట్లాడాలన్నా ఆ చప్పుడు మీద అరవాల్సిందే. మగ్గం ఆగితే దాన్ని బాగుచేసే జాబర్ వచ్చేవాడు. మొదట వంగి చూసేవాడు కాదు, మోటారు వేయించి వినేవాడు. నాడె ఒక క్షణం ముందో వెనకో కదిలితే పడుగులో ఇరుక్కుని పోగులు తెగుతాయని, ఆ తప్పు చప్పుడులోనే తెలుస్తుందని చెప్పేవాడు. నన్ను కూర్చోబెట్టి పై షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, చేత్తో మెల్లగా తిప్పి చూపించాడు. పై షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి కింది షాఫ్ట్ ఒక్కటే తిరిగింది. పై చుట్టు ఒక్కోదానికి ఒక్కో పేక పోగు పడుతుంది. నాడె ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి వెళ్లాలి కాబట్టి, దాన్ని కొట్టే కింది షాఫ్ట్‌కు సగం వేగం చాలు. ఇంజన్ లెక్కా అదే. పిస్టన్ రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి కదిలితే ఒక పని పూర్తవుతుంది. ఆ రెండు చుట్లలో ఒక్కో వాల్వ్ ఒక్కసారే తెరుచుకోవాలి. కారు ఇంజన్ ఎప్పుడూ విప్పని ఆ జాబర్ నాకు ఇంజన్ టైమింగ్ నేర్పాడు.

ఆ ఇంట్లో మగ్గం ఆగిందంటే కూలి ఆగినట్టే. మా చిన్నాయన ఆసామి. పడుగు నూలు బీములు సేటువి, మీటరు లెక్కన కూలి ఈయనది. చిన్న రిపేర్లన్నీ ఆయనే చేసుకునేవాడు. అయినా జాబర్ అడిగిన పైసల దగ్గర ఒక్కనాడూ బేరమాడలేదు. జాబర్ కూడా పళ్లు అరిగిన చక్రాన్ని ఇంట్లో ఆకురాయితో సాపు చేసేవాడు కాదు. విప్పి, గుడ్డలో చుట్టి లేత్ షాపుకు పంపేవాడు. తన చేతి పని ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు.

కోరుట్లలో మా వాడు గాజుపలక మీద ఎమెరీ కాగితం పరిచి హెడ్‌ను ఇంట్లోనే రుద్దుతానన్నాడు. అంతా మన చేతులతోనే కావాలని ఇన్నాళ్లు వాదించినవాణ్ని, నేనే వద్దన్నాను. హెడ్ అల్యూమినియంది, వేడికి వంగుతుంది. ఉక్కు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చితే వంపు ఎంతో తెలుస్తుంది. తెలుసుకోవడం ఇంటి పని, సరిచేయడం మిషన్ పని. సిలిండర్ల సంగతీ అంతే. 68.5 మిల్లీమీటర్ల బోరు అరిగితే పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్ద పిస్టన్లకు సరిపడా కోయాలి. ఆ కోత వాకిట్లో సాధ్యం కాదు.

డబ్బు మిగలాలనో, పనివాణ్ని తప్పించుకోవాలనో ఇంట్లో ఇంజన్ విప్పేవాళ్లకు నా ఓటు లేదు. ఒక్కసారి విప్పినవాడికి లేత్ మీద నిలబడ్డ మనిషి పనితనం తెలుస్తుంది. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో మెకానిక్ పైసలు చెప్పినప్పుడు సగానికి బేరం చేయబుద్ధి కాదు. నా పాత పాటకు ఇక మీదట ఈ చరణం కూడా కలుపుతున్నాను.

మీ ఇంట్లో పాత కారుంటే విప్పండి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి మాత్రం పోకండి, స్టాండ్లు పెట్టండి. కనెక్టింగ్ రాడ్ క్యాపులు ఒకదానిది ఒకదానికి మార్చకండి. రేడియేటర్‌లో బోరుబావి నీళ్లు పోయకండి, సున్నం కట్టి ఇంజన్‌ను ఉడికిస్తుంది. కొలిచాక మిషన్ పని అని తేలితే లేత్ షాపుకు తీసుకెళ్లండి, అతను అడిగింది ఇచ్చిరండి.