మిల్లీసెకన్లు బతికే రాడికల్ మీద నమ్మకం ఎలా కుదిరింది

క్లోరిన్ మోనాక్సైడ్ రాడికల్‌ను సీసాలో పట్టి దాచుకోవడం కుదరదు. ఒక క్లోరిన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు, జతలేని ఒక ఎలక్ట్రాన్: అంతే దాని స్వరూపం. ఆ జతలేనితనం వల్ల తనలాంటి మరొకటి తగిలినా చర్య జరిపి మాయమవుతుంది. ప్రయోగశాలలో దాని ఆయుష్షును మిల్లీసెకన్లలో లెక్కపెడతారు. ఇంత అల్పాయుష్షు పదార్థం గురించి ఎవరైనా ఒక అంకె చెబితే నమ్మవచ్చా? నమ్మవచ్చనే నా వాదన. ఉన్నది ఏదో వర్ణపటం చెబుతుంది, ఎంత వేగంగా పోతోందో కాలం కొలత చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగినప్పుడే, వేరే పద్ధతి కూడా అదే మాట చెప్పినప్పుడే ఆ అంకెకు బలం వస్తుంది.

కేంబ్రిడ్జ్‌లో రోనాల్డ్ నారిష్, జార్జ్ పోర్టర్ 1949లో ప్రకటించిన ఫ్లాష్ ఫోటాలిసిస్‌లో ఆ రెండు సాక్ష్యాలూ ఒకే గొట్టంలోంచి వస్తాయి. కెపాసిటర్లలో నిల్వచేసిన విద్యుత్తును ఒక్కసారిగా దీపంలోకి వదులుతారు. ఆ మెరుపు పక్కనున్న గొట్టంలోని వాయువు అణువులను చీల్చి రాడికల్స్‌ను పుట్టిస్తుంది. కొద్ది వ్యవధి తర్వాత రెండో మెరుపు గొట్టం గుండా సాగి, ఏయే తరంగదైర్ఘ్యాల కాంతి లోపల ఇంకిపోయిందో ఫొటోగ్రాఫిక్ పలక మీద నమోదు చేస్తుంది. వ్యవధిని పెంచుకుంటూ పోతే రాడికల్ తరిగిపోయే తీరు తెలుస్తుంది. క్లోరిన్, ఆక్సిజన్ మిశ్రమంలో క్లోరిన్ మోనాక్సైడ్ తాలూకు అతినీలలోహిత పట్టీలను పోర్టర్ ఇలాగే చూశారు. ఇక్కడొక మెలిక ఉంది. రాడికల్ వేరే వాయువుతో చర్య జరిపేటప్పుడు ఆ వాయువును బాగా ఎక్కువగా తీసుకుంటే, రాడికల్స్ ఎన్ని ఉన్నాయో తెలియకపోయినా ఎన్నో వంతు తగ్గాయో తెలిస్తే చాలు. రెండు రాడికల్స్ ఒకదానితో ఒకటి కలిసేటప్పుడు మాత్రం అసలు సంఖ్యే కావాలి. అందుకు ఒక్కో అణువు ఎంత కాంతిని పీల్చుకుంటుందో తెలియాలి. పొరపాటు దూరడానికి అనువైన చోటు ఇదే.

ఈ రాడికల్‌కు ఓజోన్ నష్టంలో పాత్ర ఉన్నది ఆకాశంలో; గొట్టంలో తేలినది అక్కడికి వర్తిస్తుందా అన్నది న్యాయమైన అభ్యంతరం. గోడలకు తగిలి రాడికల్స్ నశిస్తే అంకె తప్పుతుంది, నిజమే. కానీ మెరుపు వాటిని వాయువు మధ్యలోనే పుట్టిస్తుంది, వాటిలో అత్యధికం గోడ చేరకముందే కొలత ముగుస్తుంది. పీడనాన్ని, ఉష్ణోగ్రతను ధ్రువప్రాంతపు స్ట్రాటోస్ఫియర్ స్థాయికి దించవచ్చు. ఆ చలిలో క్లోరిన్ మోనాక్సైడ్ జతకడుతుంది. ఆ జంటను సూర్యకాంతి చీల్చితే క్లోరిన్ విడుదలై మళ్లీ ఓజోన్ మీద పడుతుంది. 1987లో చిలీలోని పుంటా అరేనాస్ నుంచి ఎగిరిన ఈఆర్-2 విమానంలో జేమ్స్ ఆండర్సన్ బృందం పరికరం, అంటార్కిటికా మీద క్లోరిన్ మోనాక్సైడ్ పెరిగిన చోట ఓజోన్ పడిపోవడాన్ని నమోదు చేసింది. ఆ పరికరం నైట్రిక్ ఆక్సైడ్‌తో రాడికల్‌ను క్లోరిన్ పరమాణువుగా మార్చి, ఆ పరమాణువు వెదజల్లే వెలుగును లెక్కించింది. ఆ మార్పిడి వేగం ప్రయోగశాలలో ముందే కొలిచినదే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం 2007లో వచ్చింది. ఆ జంట అణువు అనుకున్నదానికన్నా చాలా తక్కువ కాంతిని పీల్చుకుంటుందని అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ పరిశోధకులు ప్రకటించారు. అదే నిజమైతే ఓజోన్ రంధ్రం లెక్క కుదరదు. చిక్కల్లా నమూనాలో మిగిలిపోయే క్లోరిన్ వాయువుతోనే. అది కూడా ఇంచుమించు అదే కాంతిని పీల్చుకుంటుంది, దాని వాటాను తీసివేయడంలో కొద్ది తేడా వచ్చినా జవాబు మారిపోతుంది. 2009లో తైవాన్ పరిశోధకులు ప్రశ్నను మరో దారిలో అడిగారు. ఇంకిన కాంతిని కొలవకుండా, లేజర్ తగిలాక ఎన్ని జంట అణువులు మిగిలాయో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో నేరుగా చూశారు. ద్రవ్యరాశి వేరు కనుక క్లోరిన్ అడ్డు రాలేదు. వచ్చిన విలువలు 2007 నాటివాటికన్నా చాలా ఎక్కువ, ఓజోన్ నష్టాన్ని వివరించడానికి అవి సరిపోయాయి.