శిఖరాన నిలవాల్సిన వాక్యం

కన్సల్టెంట్ పనితనం నివేదిక మొదటి వాక్యంలోనే బయటపడుతుంది. ఆ వాక్యం ఎలా కట్టాలో నేర్పినావిడ బార్బరా మింటో. ఆమె 1963లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి కన్సల్టింగ్ సంస్థ మెకిన్సీలో చేరారు. ఎంబీఏ చదివి అక్కడ కన్సల్టెంట్ అయిన తొలి మహిళ. 1966లో లండన్ వెళ్లి, యూరప్ ఉద్యోగుల రాతలు సరిదిద్దే పని చేపట్టారు. లోపం భాషలో కంటే ఆలోచన వరసలో ఎక్కువగా ఉందని పట్టుకున్నారు. పిరమిడ్ ప్రిన్సిపుల్ అలా పుట్టింది.

దాని ప్రకారం, శిఖరాన నిలిచే జవాబు ముందు చెప్పాలి. అది వినగానే 'ఎందుకు?' అని అడుగుతాం కదా, దాని కింది వరస ఆ ప్రశ్నకే బదులివ్వాలి. కారణాలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, అన్నీ కలిపి చూస్తే ఏదీ బయట మిగలకూడదు. ఒక డెయిరీకి లాభం తగ్గిందనుకోండి. 'సేకరణ ధర పెరిగింది, అమ్మకాలు తగ్గాయి, పట్నంలో గిరాకీ పడిపోయింది' అని రాస్తే ఈ పద్ధతి ముందు నిలవదు. చివరి రెండూ ఒకటే సంగతి. రవాణా ఖర్చు ఊసే లేదు. ఇంత చిన్న పరీక్షతో ఇంత గజిబిజిని విప్పడం ఎంత గొప్ప పనితనం!

ఇప్పుడు అలాంటి పిరమిడ్‌ను ఏఐ క్షణాల్లో కట్టేస్తోంది. 2023లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌కు చెందిన 758 మంది మీద హార్వర్డ్ తదితర పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొత్త ఉత్పత్తుల ఆలోచనల వంటి పనుల్లో జీపీటీ-4 వాడినవాళ్లు సుమారు 25 శాతం వేగంగా, మరింత నాణ్యంగా పనిచేశారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం అందులోని మరో పరీక్ష. ఒక ఊహాజనిత కంపెనీ ఏ బ్రాండ్ మీద దృష్టి పెట్టాలో తేల్చాలి. చేతిలో అంకెల పట్టిక, ఇంటర్వ్యూల నోట్సు ఉన్నాయి. పట్టిక చూస్తే అంతా అందులోనే ఉన్నట్టుంటుంది. అసలు కీలకం ఇంటర్వ్యూల మాటల్లో దాగుంది. అంత నేర్పుగా అల్లారా పరీక్షను! ఏఐ లేకుండా చేసినవాళ్లలో 84 శాతం మంది సరైన జవాబు చెప్పారు. ఏఐ వాడినవాళ్లలో సరిగ్గా చెప్పినవాళ్లు సగటున 19 శాతం పాయింట్లు తక్కువ. పైగా జవాబు తప్పయినా ఏఐతో రాసిన సిఫారసుకు రాతలో మంచి మార్కులే పడ్డాయి.

మింటో విద్యలో సగాన్ని, అంటే అమరికను, యంత్రం నేర్చేసుకుంది. మాటల్లో దాగిన కీలకాన్ని పట్టుకునే మిగతా సగం ఇంకా మనుషుల చేతిలోనే ఉంది. అందుకే కొత్తగా చేరే కుర్రాళ్ల చేత ఇంటర్వ్యూల నోట్సు చదివించే పని తీసేయడం పెద్ద పొరపాటవుతుంది. ఫ్యాక్టరీ మేనేజరు ఏ మాట దగ్గర తడబడ్డాడో, ఏ ప్రశ్నను దాటేశాడో కనిపెట్టడం వాళ్లు అక్కడే నేర్చుకుంటారు. ఆ చదువు పూర్తయి, శిఖరాన నిలిచే వాక్యం సొంతంగా రాసుకున్నాకే ఏఐని తెరవాలని కంపెనీలు నియమం పెట్టుకోవాలి.